మనకు తెలిసినన్ని అంకెలే

నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పిన సంవత్సరాలన్నిటిలో నాకు బాగా గుర్తుండిపోయిన జవాబు 982.0440819. లఘులోలకం ప్రయోగంలో ఒక విద్యార్థిని తన రికార్డులో గురుత్వ త్వరణం విలువగా రాసుకున్న సంఖ్య అది. ఆ అమ్మాయి పని చేసిన తీరులో ఏ లోపమూ లేదు. లోలకం పొడవు వంద సెంటీమీటర్లు ఉండేలా దారాన్ని చీల్చిన బిరడాలో జాగ్రత్తగా బిగించింది, ఇరవై డోలనాలు లెక్కపెట్టింది, స్టాప్‌వాచ్‌లో 40.1 సెకన్లు చూసి రాసుకుంది, సూత్రంలో ఆ విలువలు వేసి కాలిక్యులేటర్ మీద వచ్చినదాన్ని వచ్చినట్టు దించింది. "ఈ చివరి 9 నీకు ఎలా తెలిసిందమ్మా?" అని అడిగాను. "కాలిక్యులేటర్‌లో వచ్చింది సార్" అంది. ఆ జవాబులో అబద్ధం ఏమీ లేదు, కానీ అప్పటిదాకా మేము ఆ పిల్లలకు చెప్పవలసినది ఒకటి చెప్పలేదన్న సంగతి ఆ జవాబుతోనే నాకు తెలిసివచ్చింది.

వాచీని ఆపడంలో ఆమె వేలు సెకనులో పదో వంతు ఆలస్యమై ఉంటే, అంటే 40.1కి బదులు 40.2 వచ్చి ఉంటే, అదే సూత్రం 977.1643673 అని ఇచ్చేది. అదే పదో వంతు ముందుగా నొక్కి ఉంటే 986.9604401 వచ్చేది. మనిషి వేలు అంతకంటే కచ్చితంగా పని చేయదు, ఆ వాచీ కనీసపు కొలత కూడా పదో వంతు సెకనే. కాబట్టి ఆ ప్రయోగం ఆమెకు నిజంగా చెప్పినది 980కి అటూ ఇటూ అన్న మాట మాత్రమే. మొదటి 9 గట్టిది, రెండో అంకె 8 అని దాదాపు నమ్మకంగా చెప్పవచ్చు, మూడో అంకె గురించి అప్పటికే అనుమానం మొదలయింది, ఆ తర్వాత వచ్చిన ఏడు అంకెలూ భూమి గురించి గాని లోలకం గురించి గాని ఏమీ చెప్పవు. అవి కేవలం భాగహారం నుంచి పుట్టినవి.

అలాంటప్పుడు ఎలా రాయాలి? 980 అని రాస్తే చివరి సున్న కొలిచి తెలుసుకున్నదా, లేక స్థానం నింపడానికి పెట్టినదా అన్నది చదివేవారికి తెలియదు. 9.8 × 10² అని రాస్తే ఆ సందేహం ఉండదు. నాకు తెలిసినవి రెండు అంకెలు, దశాంశ బిందువు ఉండవలసిన చోటు ఫలానా, అని రెండు వేరు వేరు విషయాలను వేరు వేరుగా చెప్పినట్టవుతుంది. మన పాఠ్యపుస్తకాలు ప్రామాణిక రూపం అనో శాస్త్రీయ సంకేత రూపం అనో పిలిచే ఈ పద్ధతిని పిల్లలందరూ పెద్ద సంఖ్యలను పొట్టిగా రాసుకునే ఉపాయంగానే నేర్చుకుంటున్నారు. పొట్టిగా రాయడం దానివల్ల కలిగే చిన్న లాభం. సంఖ్య ఎంత పెద్దదన్న విషయాన్నీ, ఆ సంఖ్య గురించి మనకు ఎంత తెలుసన్న విషయాన్నీ విడదీసి చూపడం దాని అసలు పని. ఈ వ్యాసంలో నేను వాదించదలచినది ఇదే: సంఖ్యలను సవరించడాన్ని (రౌండింగ్) ఒక తరగతిలోనూ, పది ఘాతాలను మరో తరగతిలోనూ, సార్థక అంకెలను, అంటే కొలత వల్ల నిజంగా తెలిసిన అంకెలను, ఇంకో నాలుగేళ్ల తర్వాతా వేరు వేరు పాఠాలుగా చెప్పడం వల్ల ఈ మూడూ ఒకే ప్రశ్నకు జవాబులన్న సంగతి పిల్లలకు ఎప్పటికీ తెలియకుండా పోతున్నది.

ఆ లోటును పూడ్చడానికి మన దగ్గర చెలామణిలో ఉన్న నియమం ఒక్కటే. "జవాబును రెండు దశాంశ స్థానాలకు సవరించి రాయండి." ఈ వాక్యం పిల్లల మనసులో ఎంతగా నాటుకుపోయిందంటే, ఎవరూ అడగకపోయినా రెండు స్థానాలకు రాస్తారు. పై ఉదాహరణలో దాని ఫలితం 982.04. పది అంకెలు ఐదయ్యాయి, కానీ తెలియనివి తెలిసినట్టు చెప్పడం మాత్రం ఆగలేదు. చిన్న సంఖ్యల దగ్గరికి వచ్చేసరికి ఇదే నియమం ఉన్నదాన్ని కూడా లేకుండా చేస్తుంది. ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకం, అంటే వేడెక్కితే అది తన పొడవులో ఎంత వంతు సాగుతుందో చెప్పే సంఖ్య, ఒక డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.000012. ఒకసారి తరగతిలో ఒక అబ్బాయి దాన్ని నియమం ప్రకారం రెండు దశాంశ స్థానాలకు సవరించి 0.00 అని రాశాడు, ఆ సున్నతోనే తర్వాతి లెక్క చేసి, కిలోమీటరు పొడవున్న రైలు పట్టా ఎంత ఎండ కాసినా సాగదని తేల్చాడు. 1.2 × 10⁻⁵ అని ఉంచుకుని లెక్క చేస్తే, ముప్పై డిగ్రీల తేడాకు ఆ పట్టా 0.36 మీటర్లు, అంటే మూరెడుకు కొంచెం తక్కువగా సాగుతుంది. మన ప్రాంతంలో తెల్లవారుజామున చల్లగా ఉన్న పట్టా నడి వేసవి మధ్యాహ్నానికి ముప్పై డిగ్రీలు వేడెక్కడం ఆశ్చర్యమేమీ కాదు. దశాంశ స్థానాలను లెక్కపెట్టే నియమం సంఖ్య పరిమాణాన్ని పట్టించుకోదు, సార్థక అంకెలను లెక్కపెట్టే నియమం పట్టించుకుంటుంది, ఆ తేడాను ఒక్క చూపులో చూపించగలిగినది పది ఘాతం పక్కన పెట్టి రాసే రూపమే.

పది ఘాతాలు మన భాషకు కొత్త కావు. లక్ష అన్న మాట 10⁵, కోటి అన్న మాట 10⁷. పత్రికలో లక్ష కోట్లు అని చదివిన ప్రతి తెలుగువాడూ తనకు తెలియకుండానే ఐదుకు ఏడు కలిపి 10¹² అన్న చోటికి చేరుతున్నాడు. ఘాతాంకాలను కూడితే సంఖ్యలు గుణించినట్టవుతుందన్న సూత్రాన్ని ఇక్కడి నుంచి మొదలుపెట్టి చెబితే ఏడో తరగతి పిల్లలకు రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. నేను చెప్పి చూశాను. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు అని వేరే బట్టీ పట్టించనక్కర లేకుండా, ఆరు, తొమ్మిది అన్న ఘాతాంకాలతోనే వాళ్లు పోల్చుకోగలిగారు.

ఇక్కడ ఒక భేదం చెప్పుకోవాలి. అన్ని సంఖ్యలూ సవరించదగినవి కావు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగు గడులూ నింపితే మొత్తం ఎన్ని గింజలో చెప్పే పద్యం ఒకటి పావులూరి మల్లన పేరుతో మన సాహిత్యంలో ప్రసిద్ధమై ఉంది. శర అంటే ఐదు, శశి అంటే ఒకటి అన్న సంకేతాలతో, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు సాగుతూ, ఇరవై అంకెలను ఒక్కటీ వదలకుండా ఆ పద్యం చెబుతుంది: 18,44,67,44,07,37,09,55,1615 అని ఎలా విడదీసి చదువుకున్నా, చివరి 5 దాకా ప్రతి అంకే నిజం. ఎందుకంటే అది కొలిచిన సంఖ్య కాదు, లెక్కించిన సంఖ్య. దానిలో సందేహానికి చోటు లేదు. ఆ సంఖ్యను 1.8 × 10¹⁹ అని రాయడం సౌకర్యం కోసం మనం చేసుకునే సంక్షేపం. లోలకం నుంచి వచ్చిన 9.8 × 10² అలాంటిది కాదు. అక్కడ మనం దాచుకున్న అంకెలు వేరే ఏవీ లేవు. రూపం ఒకటే అయినా ఈ రెండు సందర్భాలనూ కలిపివేయకూడదు.

దగ్గరి విలువను దగ్గరి విలువే అని చెప్పడంలో మనకు మంచి పూర్వీకుడు ఉన్నాడు. క్రీ.శ. 499లో రాసినదిగా చెప్పే తన గ్రంథంలో ఆర్యభటుడు ఇరవై వేల వ్యాసం గల వృత్తానికి 62,832 పరిధి అని చెప్పి, అంటే ఈనాటి లెక్కలో పై (π) విలువ 3.1416 అని చెప్పి, ఆ పరిధికి ఆసన్నం అన్న విశేషణం చేర్చాడు. ఆసన్నం అంటే సమీపంలో ఉన్నది. నాలుగు దశాంశ స్థానాల దాకా సరిపోయిన విలువను సాధించిన మనిషి, ఇది పూర్తి విలువ కాదు సుమా అని శ్లోకంలోనే చోటు చేసి చెప్పాడు. ఛందస్సులో అక్షరం అక్షరమూ పొదుపుగా వాడుకోవలసిన చోట ఆ ఒక్క మాటకు ఆయన ఇచ్చిన విలువ నాకు ఎప్పుడు తలచుకున్నా గౌరవం కలిగిస్తుంది.

చివరి సున్నలు ఏం చెబుతున్నాయో తెలియకపోవడం వల్ల వచ్చే చిక్కుకు అందరూ చెప్పుకునే ఉదాహరణ ఎవరెస్టు శిఖరం. మద్రాసు దగ్గరి పరంగిమల మీద 1802లో మొదలైన మహా త్రికోణమితి సర్వే యాభై ఏళ్లకు పైగా సాగి, 1856లో ఆ శిఖరం ఎత్తును 29,002 అడుగులుగా ప్రకటించింది. వేరు వేరు స్థానాల నుంచి చేసిన పరిశీలనల సగటు సరిగ్గా 29,000 వచ్చిందనీ, అలాగే ప్రకటిస్తే లోకం దాన్ని ఉజ్జాయింపు అనుకుంటుందని భయపడి రెండు అడుగులు కలిపారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎంత నిజమైనా, అందులో చెప్పిన ఇబ్బంది మాత్రం నిజమైనదే. మామూలు పద్ధతిలో రాసిన 29,000లో సున్నలు కొలిచి తెలుసుకున్నవని చెప్పే మార్గం లేదు. 2.9000 × 10⁴ అని రాస్తే ఐదు అంకెలూ నావే, మూడు సున్నలూ నేను కొలిచినవే అని చెప్పినట్టవుతుంది, లేని అడుగులు కలపవలసిన అవసరం రాదు.

ఇప్పుడు సవరించడం దగ్గరికి వస్తాను, ఎందుకంటే నాకు సంఖ్యల మీద మొదటి అనుమానం అక్కడే, బడిలో కాక పాల కేంద్రంలో కలిగింది. మా ఇంట్లో రెండు గేదెలు ఉండేవి. ఉదయం, సాయంత్రం క్యాను పట్టుకుని కేంద్రానికి వెళ్లేది నేనే. పాలలో ఫ్యాట్ ఎంత వచ్చిందన్నదాన్ని బట్టి లీటరుకు ధర కట్టేవారు. యంత్రం తెర మీద రెండు దశాంశాలు కనిపించేవి, చేతికి ఇచ్చే చీటీ మీద ఒకటే ఉండేది. తెర మీద 6.48 కనిపించిన రోజు చీటీలో 6.4, 6.39 కనిపించిన రోజు 6.3. బళ్లో చెప్పిన ప్రకారం మొదటిది 6.5, రెండోది 6.4 కావాలి కదా అని అడిగితే, రెండో అంకె లెక్కలోకి రాదు బాబూ అన్నారు. అమ్మకు చెబితే, రోజూ పోసేవాళ్లం, వాళ్లతో పేచీ వద్దు అంది.

ఆ పని చేసేవారు మోసం చేయాలనుకున్నారని నేను అనను. వాళ్లకు ఎవరో అలా చెప్పారు, వాళ్లు అలా చేశారు. కానీ చివరి అంకెను కత్తిరించడం వేరు, సవరించడం వేరు. సవరించినప్పుడు ఒక రోజు రైతుకు కొంచెం పోతుంది, ఇంకో రోజు కొంచెం వస్తుంది, నెల తిరిగేసరికి రెండూ దాదాపు సరిపోతాయి. కత్తిరించినప్పుడు పోవడమే గాని రావడం ఉండదు. రెండో స్థానంలో సున్న నుంచి తొమ్మిది దాకా ఏ అంకె అయినా సమానంగా వస్తుందనుకుంటే, ప్రతి కొలతలోనూ సగటున 0.045 ఫ్యాట్ రైతు వైపు నుంచి తరుగుతుంది. ఒక శాతం ఫ్యాట్‌కు ఎనిమిది రూపాయలు కడుతున్నారని ఊహించి లెక్క వేస్తే లీటరుకు 36 పైసలు. రోజుకు ఆరు లీటర్లు పోసే ఇంటికి ఏడాదిలో దాదాపు 800 రూపాయలు. ఒక్కో చీటీ మీద కంటికి ఆనని తేడా ఏడాది తిరిగేసరికి ఒక బస్తా దాణాకు ఆసరా అవుతుంది.

ఇదే తప్పు 1982 జనవరిలో కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కూడా జరిగింది. 1000 దగ్గర మొదలుపెట్టిన సూచీని రోజుకు వేల సార్లు తిరిగి గణించేవారు, గణించిన ప్రతిసారీ మూడో దశాంశ స్థానం తర్వాతి అంకెలను సవరించకుండా కత్తిరించేవారు. మార్కెట్టు బాగానే ఉన్నా సూచీ మాత్రం జారుతూ పోయి, 1983 నవంబరు నాటికి 524 పరిసరాలకు వచ్చింది. కారణం కనిపెట్టి సరిగా గణిస్తే అది 1,098 దాటి ఉంది. వెయ్యిలో ఒక వంతు కంటే చిన్న ముక్క, ఎప్పుడూ ఒకే దిశలో పోవడం వల్ల, రెండేళ్లు కూడా నిండకుండానే సగానికి పైగా విలువను కనబడకుండా చేసింది.

ఒకే దిశలో పోవడం అన్న ఈ మాట పట్టుకుంటే, విద్యార్థులను అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టే ఒక నియమం కూడా అర్థమవుతుంది. చిన్న తరగతుల్లో, ఐదు గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే ముందు అంకెకు ఒకటి కలపమని చెబుతాము. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ భౌతికశాస్త్రానికి వచ్చేసరికి, వదిలేసే అంకె సరిగ్గా ఐదే అయితే ముందున్న అంకె సరి సంఖ్య అయితే అలాగే ఉంచాలి, బేసి అయితే ఒకటి పెంచాలి అని ఉంటుంది. అందుకే 2.745 గాని 2.735 గాని మూడు అంకెలకు సవరిస్తే రెండూ 2.74 అవుతాయి. పిల్లలు దీన్ని పుస్తకం రాసినవారి చాదస్తం అనుకుంటారు. నిజానికి ఒకటి నుంచి నాలుగు దాకా కిందికి, ఆరు నుంచి తొమ్మిది దాకా పైకి పోతే రెండు వైపులా తూకం సరిపోతుంది, నట్టనడుమ ఉన్న ఐదును ప్రతిసారీ పైకే తోస్తే త్రాసు ఒక పక్కకు మొగ్గుతుంది. సరి, బేసి అన్న షరతు ఆ ఐదులను సుమారు సగం పైకి, సగం కిందికి పంచుతుంది. మన దేశపు భారతీయ ప్రమాణాలలో మొదటి సంఖ్య, ఐఎస్ 1, జాతీయ పతాకానికి కేటాయించినది. రెండో సంఖ్య, ఐఎస్ 2, సంఖ్యలను సవరించే నియమాలది, అందులోనూ ఐదు విషయంలో ఈ సరి సంఖ్య పద్ధతే ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఈ దేశం ప్రమాణాలు రాసుకోవడం మొదలుపెట్టినప్పుడు జెండా తర్వాతి స్థానం సవరింపుకు దక్కిందన్న సంగతి చెబితే, పాఠం మీద మనసు లేని పిల్లలు కూడా తలెత్తి చూసేవారు.

అయితే 2026 మార్చి దాకా అమలులో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 288ఏ సెక్షను ప్రకారం మొత్తం ఆదాయాన్ని పది రూపాయలకు సవరించేటప్పుడు చివరి అంకె ఐదైతే పైకే పోవలసి ఉండేది: 6,43,215 అయితే 6,43,220. ఇది భౌతికశాస్త్ర నియమానికి విరుద్ధం కాదు. పన్ను కొలత కాదు, ఇద్దరి మధ్య ఒప్పందం. ఒప్పందానికి కావలసినది అందరికీ ఒకేలా వర్తించే నియమం, కొలతకు కావలసినది ఏ పక్కకూ మొగ్గని నియమం. ఈ ఒక్క వాక్యం చెప్పకుండా రెండు నియమాలను రెండు తరగతుల్లో నేర్పితే, పిల్లలకు మిగిలేది ఏ మాస్టారికి ఏది ఇష్టమో గుర్తుపెట్టుకోవడమే.

సవరించిన దాన్ని మళ్లీ సవరించడం ఇంకో ప్రమాదం. 59.47 శాతం మార్కులను ముందు ఒక దశాంశానికి 59.5గా, దాన్ని మళ్లీ పూర్ణాంకానికి 60గా మార్చిన పట్టిక ఒకటి నేను ఒక విద్యాసంస్థలో చూశాను. నేరుగా సవరిస్తే అది 59. ఆ విద్యార్థికి మేలు జరిగింది కనుక ఎవరూ అడగలేదు, ఆ పక్క వరుసలో 59.44 వచ్చిన పిల్లవాడు 59.4గా, 59గా ఆగిపోయిన సంగతీ ఎవరూ చూడలేదు. లెక్క మధ్యలో అంకెలన్నీ ఉంచుకుని చివర ఒక్కసారే సవరించాలన్న మాట పాఠ్యపుస్తకాల్లో ఒక మూల ఉంటుంది, దాని వెనుక ఇలాంటి ఇద్దరు పిల్లల మధ్య న్యాయం ఉందని మాత్రం ఉండదు.

సవరింపు ఎంతమాత్రం పనికిరాని చోట దాన్ని యంత్రం తనంతట తానే చేసినప్పుడు జరిగేది ఇంకా బాధాకరం. విద్యార్థుల బ్యాంకు ఖాతా సంఖ్యలను ఎక్సెల్ పట్టికలో ఎక్కించే పని ఒక సంవత్సరం మా సిబ్బందికి పడింది. పదకొండు అంకెలు దాటిన సంఖ్య టైపు చేయగానే ఆ గడిలో పది ఘాతం రూపం ప్రత్యక్షమవుతుంది. మొదటి కొన్ని అంకెలు, తర్వాత ఘాతాన్ని సూచించే ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన 11 అనో 15 అనో కనిపిస్తుంది. ఎక్సెల్ ఏ సంఖ్యనైనా పదిహేను సార్థక అంకెల వరకే దాచుకుంటుంది. పదహారో అంకె నుంచి అన్నీ సున్నలైపోతాయి. పదహారు అంకెల ఖాతాలన్నీ సున్నతో ముగిసిన పట్టిక పైకి వెళ్లింది, డబ్బు రావలసిన పిల్లలు నెలల తరబడి తిరిగారు. వాళ్లలో ఒకరి తండ్రి కూలి మానుకుని మూడుసార్లు వచ్చాడు. ఖాతా సంఖ్య, ఆధార్ సంఖ్య, ఫోను నంబరు చూడడానికి సంఖ్యలే గాని అవి పరిమాణాలు కావు, పేర్లు. పేరును ఎవరూ ఉజ్జాయింపుగా రాయరు. ఆ గడిని ముందుగానే అక్షరాల రూపంలోకి మార్చుకుంటే సరిపోయేది. ఘాతం గుర్తు కనబడగానే ఇక్కడ అంకెలు పోతున్నాయన్న హెచ్చరికగా దాన్ని చదవగలిగినవారు మా గదిలో ఆ రోజు ఒక్కరు ఉన్నా చాలేది. నేను కూడా ఆ గదిలో లేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అంకెలు పోవడం వల్ల జరిగే నష్టం కనిపిస్తుంది. అంకెలు అదనంగా చేరడం వల్ల జరిగేది కనిపించదు కనుక దాని గురించి మరికొంత చెప్పాలి. మనిషి శరీర ఉష్ణోగ్రత 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్ అన్న మాట థర్మామీటరు ఉన్న ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. 1868లో జర్మన్ వైద్యుడు వుండర్లిష్ ఎన్నో కొలతల సగటుగా చెప్పినది 37 డిగ్రీల సెల్సియస్. రెండు అంకెల 37 అంటే 36.5 నుంచి 37.5 దాకా ఎక్కడైనా కావచ్చు. ఫారెన్‌హీట్‌లో అది 97.7 నుంచి 99.5 దాకా ఉన్న మేర. మార్పిడి సూత్రంలో వేయగానే దానికి మూడో అంకె వచ్చి చేరింది, ఆ మూడో అంకెను ఎవరూ కొలవలేదు. అయినా 98.9 చూసి కంగారు పడిన తల్లులు నాకు తెలుసు.

మన రెండు రాష్ట్రాల్లో లక్షల ఇళ్లను కదిలించే దశాంశాలు ఇంకొన్ని ఉన్నాయి. జేఈఈ మెయిన్ ఫలితాల్లో పర్సంటైల్‌ను దశాంశ బిందువు తర్వాత ఏడు స్థానాల దాకా ఇస్తారు. ఒకే స్కోరు ఎక్కువమందికి రాకుండా చూడడానికే ఆ ఏర్పాటు, దాని అవసరాన్ని నేను కాదనను. కానీ ఆ సంఖ్య ఎలా పుడుతుందో చూడాలి. ఒక పూట పరీక్ష రాసినవారిలో ఈ విద్యార్థి కంటే తక్కువ గాని సమానంగా గాని మార్కులు వచ్చినవారు ఎంతమంది అన్నదాన్ని మొత్తం సంఖ్యతో భాగించి వందతో గుణిస్తారు. ఆ పూట లక్ష మంది రాశారనుకుంటే, ఒక్క మనిషి తేడా 0.001. ఆ తర్వాతి నాలుగు స్థానాలు ఏ విద్యార్థి తెలివితేటల నుంచీ రాలేదు, భాగహారంలో ఛేదం ఏ సంఖ్య అయిందన్నదాన్ని బట్టి వచ్చాయి. నా లోలకం విద్యార్థిని రాసిన చివరి ఏడు అంకెలు ఎలాంటివో ఇవీ అలాంటివే. ఐదో స్థానంలో తేడా చూపించి ఇద్దరు పిల్లలను పోల్చి మాట్లాడిన పెద్దవాళ్లను నేను ఇళ్లలో విన్నాను. తరగతిలో సార్థక అంకెల పాఠం వింటూ కూర్చున్న పిల్లవాడికి ఆ సాయంత్రమే ఇంట్లో దానికి పూర్తిగా వ్యతిరేకమైన పాఠం అందుతున్నది. ఏది నమ్మాలో వాడికి చెప్పేవారు ఉండాలి.

యంత్రం దిద్దే పరీక్షల్లో అందరికీ ఒకే రూపంలో జవాబు కావాలి కనుక రెండు దశాంశ స్థానాలనో, సమీప పూర్ణాంకమనో చెప్పక తప్పదని నా తోటి అధ్యాపకులు అంటారు. ఒప్పుకుంటాను. పరీక్ష పెట్టేవారికి ఆ అవసరం ఉంది. కానీ ప్రయోగశాల రికార్డుకు ఆ అవసరం లేదు. అక్కడ దిద్దేది మనిషి. కనీసం అక్కడైనా "రెండు దశాంశ స్థానాలకు" అన్న మాట తీసేసి, "మీ పరికరం అనుమతించినన్ని సార్థక అంకెలకు, పది ఘాత రూపంలో" అని అడగవచ్చు. పట్టికలో ప్రతి నిలువు వరుస పైన ఆ పరికరపు కనీసపు కొలత రాయించవచ్చు. నేను పదవీ విరమణకు ముందు చివరి కొన్నేళ్లు ఇలాగే చేయించాను. మొదట్లో పిల్లలు మార్కులు పోతాయేమోనని జంకారు, తర్వాత అలవాటుపడ్డారు.

తమకు తెలిసినది రెండు అంకెలేనా అని నిరుత్సాహపడేవారికి నేను భూమి ద్రవ్యరాశి కథ చెప్పేవాణ్ణి. మా తరం అవొగాడ్రో సంఖ్యను, అంటే ఒక మోల్ పదార్థంలో ఉండే కణాల సంఖ్యను, 6.023 × 10²³ అని బట్టీ పట్టింది, ఇప్పటి పిల్లలు 6.022 అని చదువుతున్నారు, 2019 నుంచి దాన్ని 6.02214076 × 10²³ అని నిర్వచనంగానే స్థిరపరిచారు కనుక ఇక అది మారదు. రెండు వస్తువుల మధ్య ఆకర్షణను లెక్కకట్టడానికి వాడే గురుత్వ స్థిరాంకానికి ఆ భాగ్యం కలగలేదు. 1798లో కావెండిష్ లండన్‌లో సీసపు గుళ్లతో భూమి సాంద్రతను తూచిన నాటి నుంచి రెండు శతాబ్దాలు దాటినా అది 6.67430 × 10⁻¹¹ దగ్గర ఉంది, అందులోనూ చివరి రెండు అంకెలకు పదిహేను మేర అటూ ఇటూ సందేహం ఉందని పట్టికలోనే రాస్తారు. ఉపగ్రహాల గమనాన్ని బట్టి ఆ స్థిరాంకం, భూమి ద్రవ్యరాశి రెండింటి లబ్ధం మనకు 3.986004418 × 10¹⁴ అని పది అంకెల దాకా తెలుసు. దాన్ని గురుత్వ స్థిరాంకంతో భాగిస్తే కాలిక్యులేటర్ తెర నిండా అంకెలు వస్తాయి. అయినా పుస్తకాల్లో భూమి ద్రవ్యరాశిని 5.972 × 10²⁴ కిలోగ్రాములు అని నాలుగు అంకెలకే ఆపుతారు. మనం నిలబడి ఉన్న ఈ నేల బరువు గురించి మానవజాతి గట్టిగా చెప్పగలిగినది దాదాపు అంతే.

మొదట చెప్పిన అమ్మాయి ఈ కథ విని, "మరి నాకు మూడో అంకె కావాలంటే ఏం చేయాలి సార్?" అని అడిగింది. వేలి తప్పు పదో వంతు సెకనే ఉంటుంది, ఇరవై డోలనాలకైనా, వందకైనా అంతే, అన్నాను. మిగిలినవాళ్లు రికార్డులు సర్దుకుని వెళ్లాక ఆమె ఒక్కతే ఉండి వంద డోలనాలు లెక్కపెట్టింది. 200.8 సెకన్లు వచ్చింది. కాలిక్యులేటర్ ఎప్పటిలాగే పది అంకెలు చూపించింది. ఆమె ఒక పదో వంతు ఎక్కువ, ఒక పదో వంతు తక్కువ వేసి కూడా లెక్క కట్టి, 978 నుంచి 980 దాకా వస్తోందని పక్కన రాసుకుని, పాత జవాబు కొట్టేసి దాని కింద 9.79 × 10² అని రాసింది.